గుండుతో బయటపడే గుట్టు: జుట్టు మార్పిడి, మచ్చలపై అపోహలు - వాస్తవాలు

తండ్రి పోయి పదకొండు రోజులైన ఒక పిల్లగాడు మా క్లినిక్‌కి వచ్చాడు. దినాలకు గుండు చేయించుకున్నాడు. అప్పటిదాకా జుట్టు కింద దాగినవన్నీ బయటపడ్డాయి: మెడ పైనుంచి చెవుల దాకా తెల్లతెల్లని చుక్కలు, మధ్యమధ్య పలచబడ్డ మడులు. కర్మ జరిగే చోటనే ఓ మేనత్త అందరి ముందు అడిగిందట, "నెత్తికి పేనుకొరుకుడు పట్టిందారా?" అని. మూడేళ్ళ కింద హైదరాబాద్‌లో హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. "ఒక్క మచ్చ గూడ పడదన్నరు మేడం, గందుకే ఒప్పుకున్న" అన్నాడు నాతో.

నల్లగొండలో చర్మవ్యాధుల వైద్యం చేస్తూ, జుట్టు మార్పిడి కూడా చేస్తాను కాబట్టి ఈ "మచ్చ పడదు" అనే మాట నాకు వారానికి రెండుసార్లైనా వినబడుతుంది. అందుకే ముందు దాని సంగతి.

అపోహ: ఎఫ్‌యూఈలో, అంటే తల వెనక నుంచి వెంట్రుక కుదుళ్ళను ఒక్కొక్కటిగా తీసి ముందు నాటే పద్ధతిలో, కోత లేదు, కుట్టు లేదు, కాబట్టి మచ్చ లేదు.

వాస్తవం: కోత ఉంది. గుండ్రంగా, చిన్నగా ఉంటుంది, అంతే. వెంట్రుక కుదురు చర్మంలో నాలుగైదు మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. దాన్ని 0.8 నుంచి 1 మిల్లీమీటరు వెడల్పుండే పంచ్‌తో, అంటే గొట్టంలాంటి గుండ్రటి కత్తితో, చుట్టూ కోసి బయటికి తీస్తాం. అంత లోతు గాయం మామూలు చర్మంతో పూడదు, మచ్చ కణజాలంతో పూడుతుంది. దానిలో రంగునిచ్చే కణాలు తక్కువ, వెంట్రుక అసలే ఉండదు. అందుకే తెల్ల చుక్క. మన చామనఛాయ ఒంటి మీద అది ఇంకాస్త కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

నా దగ్గరికి వచ్చేవాళ్ళతో ఒక లెక్క వేయిస్తాను. 0.9 మిల్లీమీటర్ల పంచ్‌తో 2,500 గ్రాఫ్టులు, అంటే నాటడానికి తీసే కుదుళ్ళు, తీశామనుకోండి. ఆ రంధ్రాలన్నీ కలిపితే దాదాపు 16 చదరపు సెంటీమీటర్ల గాయం. మానేటప్పుడు కొంత ముడుచుకుంటాయి, నిజమే. అదే ఎఫ్‌యూటీలో, అంటే వెనక నుంచి చర్మం పట్టీ తీసి కుట్టే పద్ధతిలో, 25 సెంటీమీటర్ల పొడవున 2 మిల్లీమీటర్ల గీత మిగిలితే 5 చదరపు సెంటీమీటర్లే. మొత్తం మచ్చ ఎక్కువ ఎఫ్‌యూఈలోనే, కాకపోతే చల్లినట్టు పరుచుకొని ఉంటుంది కనుక కన్ను పట్టుకోదు. ఈ మాట చెబితే సగం మంది నమ్మరు. ఫోన్‌లో కాల్‌క్యులేటర్ తీసి చూసుకుంటారు.

ఒకప్పటితో పోలిస్తే ఇది స్వర్గమే అనుకోండి. 1959లో న్యూయార్క్‌లో ఆరెంట్రైక్ అనే వైద్యుడు ఈ శస్త్రచికిత్సకు దారి వేసినప్పుడు 4 మిల్లీమీటర్ల పంచ్ వాడారు. కుచ్చులు కుచ్చులుగా, ప్లాస్టిక్ బొమ్మ జుట్టులా మొలిచేది. ఎఫ్‌యూఈ గురించి వైద్య పత్రికలో వివరంగా వచ్చింది 2002లో. పంచ్ చిన్నదయ్యే కొద్దీ మచ్చ చిన్నదైంది, మాయం కాలేదు.

మరి కుట్లు వేసే పద్ధతి పాతదని తీసిపారేయొచ్చా? ఇదీ ఒక అపోహే. జుట్టు పొడుగ్గా ఉంచుకునేవాళ్ళకు, ముఖ్యంగా ఆడవాళ్ళకు, తల వెనక మొత్తం గొరగకుండా చేసే వీలు దానిలోనే ఎక్కువ. పట్టీ మరీ వెడల్పు తీయకుండా, గాయం అంచుల్లో ఒకదాని పైపొరను పలచగా చెక్కి రెండో అంచు కిందికి చేర్చి కుడితే మచ్చలోంచే వెంట్రుకలు మొలుస్తాయి. గీత చెడిపోయేది లాగుడు వల్ల. మిర్యాలగూడ రైసుమిల్లులో బస్తాలు మోసే మనిషికి ఎఫ్‌యూటీ చేసి పదిహేను రోజులకే పనికి పొమ్మంటే, 2 మిల్లీమీటర్ల గీత వెడల్పై పట్టీ అయిపోతుంది. నెల రోజులు బరువులెత్తడం, జిమ్ బంద్. కుదరదంటే ఆ మనిషికి ఆ పద్ధతి వద్దు.

అపోహ: తీసిన చోట మళ్ళీ మొలుస్తుంది, ఎన్ని గ్రాఫ్టులైనా తీయొచ్చు.

వాస్తవం: సాగర్ ఎడమ కాలువ కింద వ్యవసాయం చేసేవాళ్ళకు ఇది చెప్పడం తేలిక. వెనక తల నారుమడి, ముందు తల పొలం. గుంజిన నారు మడిలో మళ్ళీ మొలవదు. ఇక్కడా అంతే. వెనక భాగంలో చదరపు సెంటీమీటరుకు 65 నుంచి 85 దాకా కుదుళ్ళు ఉంటాయి. ఒక్కో కుదురులో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు. చెదురుమదురుగా, మిగిలినవి కప్పుకునేటట్టు తీయాలి. "ఒక్కరోజులో 5,000 గ్రాఫ్టులు, ఆఫర్" అన్నప్పుడు ఆ లెక్క ఎక్కడి నుంచి నిండుతుంది? ఒకే చోట పక్కపక్కన తోడతారు, లేదా మెడ కిందికి, చెవుల పైకి పోతారు. అంచుల్లోని జుట్టు వయసుతో తనంతట తానే పలచబడొచ్చు. అప్పుడు నాటిందీ రాలుతుంది, తీసిన చోటి మచ్చా తేలుతుంది. మొదట చెప్పిన పిల్లగాడికి జరిగింది ఇదే. చుక్కల కన్నా ఎక్కువగా అతని పరువు తీసింది ఆ పలచబడ్డ మడులు.

చేసేదెవరు అన్నది కూడా అడగండి. గ్రాఫ్టులు తీసేది, వాటిని నాటడానికి గాట్లు పెట్టేది డాక్టరా, టెక్నీషియనా? వర్క్‌షాపులోనో యూట్యూబ్‌లోనో చూసినంత మాత్రాన ఈ పని మొదలుపెట్టే శిక్షణ వచ్చినట్టు కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. గాటు వంపు తప్పినా, గ్రాఫ్టు లోతుగా దిగినా ముందు తలలోనే గుంటలు, గులకరాళ్ళ మీద తోలు పరిచినట్టు ఎత్తుపల్లాలు పడతాయి. ఆ మచ్చను దాచడానికి చోటు ఉండదు, అద్దంలో ఎదురుగా అదే.

ఇక మన దగ్గర ప్రత్యేకంగా అడగాల్సిన ప్రశ్న. ఇంగ్లీషు వెబ్‌సైట్లలో దొరకదు. "మీకు గుండు మొక్కు ఏమన్నా ఉందా?"

యాదగిరిగుట్టలోనో, చెర్వుగట్టు జడల రామలింగేశ్వరుడి దగ్గరనో, తిరుపతిలోనో తలనీలాలు బాకీ లేని ఇల్లు మన వైపు తక్కువ. జుట్టు మార్పిడి చేయించుకున్నాక గుండు కొట్టించుకోవద్దని ఒక అపోహ ఉంది. నాటిన కుదురు లోపల ఉంటుంది, కత్తి పైపైన పోతుంది కాబట్టి కుదురుకు దెబ్బేం లేదు. నేనైతే ఆరు నెలలు ఆగమంటాను. కుదురు గురించి కాదు, గుండుతో బయటపడే మచ్చ గురించి ఆలోచించాలి. అందుకే మొక్కుంటే ముందే తీర్చుకొని రమ్మంటాను. ఎట్లాగూ ఎఫ్‌యూఈ రోజు వెనక మేమే గొరుగుతాం! పైగా గుండు మీద నారుమడి అసలు రూపం కనబడుతుంది, పాత దెబ్బల మచ్చలతో సహా. కత్తి గాట్లు మానడానికి రెండు వారాలు చాలు.

ఆ తర్వాత కటింగ్ సంగతి. మంగలి దగ్గర జీరో, నంబర్ 1 మిషన్ పెట్టిస్తే చుక్కలు కనబడొచ్చు. నంబర్ 3, అంటే దాదాపు ఒక సెంటీమీటరు జుట్టుంటే పద్ధతిగా తీసిన ఎఫ్‌యూఈ చుక్కలు సాధారణంగా కనబడవు. గీతకు ఇంకాస్త పొడుగు కావాలి.

అపోహ: నల్లటి వాళ్ళకు కీలాయిడ్ (గాయాన్ని దాటి పెరిగే గట్టి మచ్చ) గ్యారంటీ.

గ్యారంటీ కాదు. ముదురు రంగు చర్మంలో కీలాయిడ్లు ఎక్కువన్నది నిజం. కానీ అవి ఛాతీ, భుజాలు, చెవితమ్మెల మీద వచ్చినంతగా నెత్తి మీద రావు. నేను మొదట చూసేది చెవి కుట్టిన చోటు, భుజం మీద చిన్నప్పటి బీసీజీ టీకా మచ్చ. అక్కడ కండ గాయం హద్దు దాటి గట్టిగా పెరిగి ఉంటే అది కీలాయిడ్. అటువంటివాళ్ళకు చేయనని చెప్పేస్తాను. అనుమానం మాత్రమే ఉంటే నాలుగైదు గ్రాఫ్టులు తీసి మూడు నెలలు ఆగి చూస్తాను. గాయం హద్దులోనే ఉబ్బిన మచ్చ వేరు, అది చాలావరకు తగ్గుతుంది.

సర్జరీ తర్వాత మచ్చ పెరగడం, తగ్గడం మీ చేతిలో ఎంత ఉందంటే, నా చేతిలో ఉన్నంత. బీడీ, సిగరెట్, గుట్కా, అంబర్ పొగాకు ఏదైనా సరే, ముందు మూడు వారాలు, తర్వాత మూడు వారాలు ముట్టొద్దు. నికోటిన్ రక్తనాళాలను బిగిస్తుంది. ముందు తలలో వేల గాట్లు పెట్టినప్పుడు రక్తం అందకపోతే చర్మం నల్లబడి కుళ్ళే ప్రమాదం ఉంది. అలా పడ్డ మచ్చ అన్నింట్లోకీ అన్యాయమైనది. షుగర్ ఉంటే అదుపులోకి వచ్చాకే రండి. పక్కులు వారం, పది రోజుల్లో వాటంతట అవే ఊడతాయి, గోటితో గీకొద్దు. ఉల్లిగడ్డ రసం, పసుపు, విటమిన్ ఇ నూనె పచ్చి గాయం మీద పూయొద్దు. రెండు వారాలు గట్టి హెల్మెట్ వద్దు, అంటే బండి కూడా వద్దు. మే నెలలో నల్లగొండ ఎండకు లేత మచ్చ రంగు మారుతుంది, వదులు టోపీ పెట్టుకోండి. మన ఫ్లోరైడ్ నీళ్ళతో మచ్చ పెరుగుతుందా అని అడుగుతారు. ఆ నీళ్ళు పళ్ళను, ఎముకలను పాడుచేశాయి గానీ ఈ నేరం వాటిది కాదు. కాచి చల్లార్చిన నీళ్ళతో కడిగితే చాలు.

అపోహ: మచ్చ పడితే ఇక అంతే. లేదా, లేజర్ కొడితే పోతుంది.

రెండూ తప్పే. మచ్చ పక్వానికి రావడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. అప్పటిదాకా ఎరుపు, దురద, గట్టిదనం వాటంతట అవే కొంత తగ్గుతాయి. ఉబ్బుతుంటే మచ్చలోకే ట్రయామ్సినలోన్ అనే స్టీరాయిడ్ ఇంజక్షన్ ఇస్తాం, నెలకొకసారి. గాయం మూసుకున్నాక సిలికాన్ జెల్ రోజుకు రెండుసార్లు. వెడల్పైన గీతలో కొత్త గ్రాఫ్టులు నాటొచ్చు, కానీ అక్కడ రక్తం తక్కువ కాబట్టి మామూలు చర్మంలో బతికినన్ని బతకవు. చెల్లాచెదురైన తెల్ల చుక్కలకు బాగా పనికొచ్చేది పిగ్మెంటేషన్, అంటే వెంట్రుక మొనలంత చుక్కలుగా రంగు పొడవడం. మన పచ్చబొట్టుకు చెల్లెలు అనుకోండి.

ఆ పిల్లగాడికి రెండు విడతలుగా అదే చేశాం. మూడో విడత సంవత్సరీకం అయ్యాక పెట్టుకుందామన్నాడు. మళ్ళీ గుండు కొట్టించుకోవాలట. "ఈసారి మేనత్త కండ్లజోడు తెచ్చుకుంటదేమో మేడం" అన్నాడు లేస్తూ.