‘నా సైట్‌లో ఏముందండీ?’: వెబ్‌సైట్ భద్రత మీద అపోహలు, వాస్తవాలు

చిన్న చిన్న వెబ్‌సైట్లు చూసుకోవడం నా పని. కవులవి, వీణ టీచర్లవి, హోమియో డాక్టర్లవి. సైట్ హ్యాకయిందని ఫోన్ చేసేవాళ్ల మొదటి మాట దాదాపు ఒకటే.

అపోహ: ‘నా సైట్‌లో దోచుకోవడానికి ఏముందండీ?’

మీ కవితలు ఎవరికీ అక్కర్లేదు (కవులు క్షమించాలి). కావలసింది మీ సర్వర్, గూగుల్ దగ్గర మీ డొమైన్‌కు, అంటే సైట్ అడ్రస్‌కు, ఉన్న పరువు. వాటితో నకిలీ మందుల పేజీలు పెడతారు, స్పామ్ మెయిళ్లు పంపుతారు. వచ్చేది మనిషి కూడా కాదు, బాట్, అంటే దానంతటదే తిరిగే ప్రోగ్రాం. మీరెవరో దానికి తెలీదు, దొరికిన ప్రతి తలుపూ తట్టి చూస్తుంది. చాలా సైట్లను నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్. దాని 4.7, 4.7.1 వెర్షన్లలో లాగిన్ అవకుండానే ఎవరైనా పోస్టులు మార్చేయగల లోపం ఉండేది. 2017 జనవరి 26న 4.7.2తో దాన్ని సరిచేశారు. ఫిబ్రవరి 1న లోపం వివరాలు బయటపెట్టారు. రోజుల్లోనే పది లక్షలకు పైగా పేజీలు పాడయ్యాయి. ఆటోమేటిక్ అప్‌డేట్ ఆన్‌లో ఉన్నవాళ్లకు అప్పటికే మందు పడింది. ‘అప్‌డేట్ చేస్తే డిజైన్ చెడిపోతుంది’ అని ఆపుకున్నవాళ్లే దొరికిపోయారు.

అపోహ: ‘అడ్రస్ ముందు తాళం గుర్తుంది కదా!’

అది మీ బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య దారికి వేసిన తాళం, ఇంటికి కాదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ దాన్ని ఉచితంగా ఇస్తుంది, మోసగాళ్లకు కూడా. జనం పొరబడుతున్నారనే క్రోమ్ 2023లో ఆ గుర్తే తీసేసింది.

అపోహ: ‘ఆ ప్లగిన్ డీయాక్టివేట్ చేసేశానుగా.’

ప్లగిన్ అంటే వర్డ్‌ప్రెస్‌కు అదనపు పని నేర్పే చిన్న ప్రోగ్రాం. డీయాక్టివేట్ చేస్తే వర్డ్‌ప్రెస్ దాన్ని పిలవడం మానేస్తుందంతే. ఫైలు సర్వర్‌లోనే ఉంటుంది, అడ్రస్ తెలిసినవాళ్లు నేరుగా తట్టి లేపొచ్చు. 2011లో టిమ్‌థంబ్ గొడవ ఇదే. ఫొటోల సైజు తగ్గించే ఆ చిన్న ఫైలు ఎన్నో థీముల్లో (సైట్‌కు రూపాన్నిచ్చే డిజైన్లలో) ఉండేది, వాడని థీమ్‌లో పడి ఉన్నా దాడికి పనికొచ్చింది. వాడనిది డిలీట్ చేయండి.

అపోహ: ‘నా ఫోన్‌లో బాగానే కనిపిస్తోంది.’

రిటైరైన తెలుగు మాస్టారొకరు నాతో ఇదే అన్నారు. గూగుల్‌లో ఆయన పేరు కొడితే మాత్రం పద్యాల బదులు జపాన్ అక్షరాల్లో హ్యాండ్‌బ్యాగుల ప్రకటనలు. హ్యాకర్లు దూర్చే ఇలాంటి కోడ్ మామూలు పాఠకుడికి అసలు పేజీనే చూపించి, గూగుల్ బాట్‌కు వేరే పేజీ వడ్డిస్తుంది. సైట్ ఓనర్లకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో చూస్తే మాస్టారితో పాటు ఇంకో ఓనర్ కూడా చేరి ఉన్నాడు!

అపోహ: ‘బ్యాకప్ ఉందిగా, పెట్టేద్దాం.’

పెట్టాం. మూడో రోజుకి మళ్లీ అవే హ్యాండ్‌బ్యాగులు. బ్యాకప్ వెనక్కి పెట్టినా దొంగ వచ్చిన దారి మూసుకోదు. పైగా ఆ బ్యాకప్‌లోనే, ఫొటోలు మాత్రమే ఉండాల్సిన అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో, ఒక పీహెచ్‌పీ ఫైలు, అంటే సర్వర్‌లో నడిచే ప్రోగ్రాం, కూర్చుని ఉంది. దాన్ని తీసేసి, ఆ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ నడవకుండా ఆపి, పాస్‌వర్డులన్నీ మార్చాను. అయినా వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది.

చివరికి దొరికిన దారి మాస్టారి సైట్‌లో లేనే లేదు. అదే హోస్టింగ్ అకౌంట్‌లో (సర్వర్‌లో అద్దెకు తీసుకున్న చోటులో) ఇంకో ఫోల్డర్ ఉంది: వాళ్లబ్బాయి పెళ్లికి చేయించిన సైట్. పెళ్లయ్యాక దాన్ని ఎవరూ తెరవలేదు. పాత వర్డ్‌ప్రెస్, డీయాక్టివేట్ చేసి వదిలేసిన గ్యాలరీ ప్లగిన్. ఒకే అకౌంట్ కాబట్టి అక్కడ దూరినవాడు ఇక్కడి ఫైళ్లూ రాయగలడు. అప్పట్నుంచి నేను సైట్‌కో అకౌంట్ వేరుగా తీసుకోమంటాను, ఖర్చు కాస్త పెరిగినా సరే.

పద్యాల సైట్ హ్యాకయినప్పుడు కంగారుపడని మాస్టారు, పెళ్లి సైట్ తీసేద్దామంటే గింజుకున్నారు. ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి చేతికిచ్చాకే ‘సరే కానీయ్’ అన్నారు.