గుండెపోటు వచ్చాక మనిషి తనంతట తాను మారతాడా? అపోహలు - వాస్తవాలు

గుండెపోటుతో వచ్చి, స్టెంట్ వేయించుకొని, ఐసీయూలో పడుకున్న రోగి చేసే ప్రతిజ్ఞలు హృద్రోగ వైద్యులమంతా తరచూ వింటూనే ఉంటాం. ఇక జన్మలో సిగరెట్ ముట్టనని, ఇంటికి వెళ్లిన మరునాటి నుంచే నడక మొదలుపెడతానని ఆయన అంటున్నప్పుడు అందులో అబద్ధమేమీ ఉండదు. మన పెద్దలు పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని మూడు చెప్పారు. ఐసీయూ వైరాగ్యాన్ని కూడా వాటి సరసన చేర్చవచ్చునని నాకు అనిపిస్తుంది.

అపోహ: చావు అంచుదాకా వెళ్లివచ్చినవారికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు, వారే మారతారు.

వాస్తవం: కొందరు నిజంగానే మారతారు. ఏళ్ల తరబడి చెప్పినా చెవికెక్కని మాట ఆసుపత్రి మంచం మీద ఒక్కసారికే ఎక్కుతుంది. అయితే అది అలవాటుగా నిలుస్తుందన్న హామీ లేదు. భారతదేశం సహా 17 దేశాల్లో జరిగిన ప్యూర్ (PURE) అనే అధ్యయనంలో, అంతకుముందే గుండెజబ్బో పక్షవాతమో వచ్చిన 7,519 మంది జీవనశైలిని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించారు. వారిలో 18.5 శాతం మంది ఇంకా పొగ తాగుతూనే ఉన్నారు. పొగకు దూరంగా ఉండటం, తగినంత శారీరక శ్రమ, మంచి ఆహారం అనే మూడింటినీ పాటిస్తున్నవారు 4.3 శాతమే.

దీన్ని సంకల్పబలం లేకపోవడంగా కొట్టిపారేయడం తొందరపాటు అవుతుంది. ఛాతీలో నొప్పి ఉన్నంతసేపు శరీరమే హెచ్చరిస్తుంది. కానీ అధిక రక్తపోటుకూ, కొలెస్ట్రాల్‌కూ నొప్పి ఉండదు. నొప్పి తగ్గి ఇంటికి చేరాక అదే దుకాణం, అదే టీ కొట్టు, అవే స్నేహాలు ఎదురవుతాయి, భోజనం కాగానే చేయి అలవాటుగా జేబు తడుముకుంటుంది. మొదటి నెలలో భార్యాపిల్లలతో వచ్చిన మనిషి మూడో నెలలో ఒంటరిగా వస్తాడు, ఆ తర్వాత మందుల చీటీ ఇచ్చి కొడుకును పంపుతాడు. వైరాగ్యం ఎప్పుడు సడలిందో నాకు ఆ చీటీని బట్టే తెలుస్తుంది.

అపోహ: స్టెంట్ వేశారు కాబట్టి జబ్బు పోయింది.

వాస్తవం: గుండెపోటు వేళ మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరవడం ప్రాణాన్ని నిలబెడుతుంది, అందులో సందేహం లేదు. అయితే స్టెంట్ అనేది సాధారణంగా రెండు మూడు సెంటీమీటర్ల పొడవుండే లోహపు జాలీ గొట్టం. మిగతా నాళాల గోడల్లో పేరుకున్న కొవ్వును అది తాకదు. ఈ అపోహలో మా తప్పూ ఉంది. స్టెంట్‌కు ముందు, తర్వాత తీసిన గుండె రక్తనాళాల యాంజియోగ్రామ్ బొమ్మలు చూపించి ‘అంతా క్లియర్’ అని మేమే అంటాం.

అపోహ: రోగిని ఎంత భయపెడితే అంత దారికి వస్తాడు.

వాస్తవం: ఏం చేయాలో చెప్పకుండా భయపెడితే కొందరు అలవాట్లకు బదులు ఆసుపత్రికి రావడమే మానేస్తారు. భయం పనికొచ్చేది కొన్ని వారాలపాటే కనుక, చేయవలసినదంతా ఆ వారాల్లోనే మొదలు కావాలి. గుండెజబ్బు తీవ్రమై ఆసుపత్రిలో చేరిన, 41 దేశాలకు చెందిన 18,809 మంది రోగులపై 2010లో వెలువడిన ఒక విశ్లేషణలో, 30 రోజులు గడిచేసరికి పొగ మానక, ఆహార వ్యాయామ సలహాలనూ పాటించనివారికి ఆరు నెలల్లోపు మళ్లీ గుండెపోటు, పక్షవాతం లేదా మరణం సంభవించే ముప్పు, ఎన్నడూ పొగ తాగకుండా ఆ సలహాలు పాటించినవారితో పోలిస్తే 3.8 రెట్లు ఉన్నట్లు తేలింది. అందువల్ల డిశ్చార్జి కాగితం మీద ‘వ్యాయామం చేయండి’ అని అచ్చయిన వాక్యం చాలదు. ఎన్ని గంటలకు, ఏ దారిలో, ఎవరి తోడుతో నడుస్తారో, ఇంట్లో మిగిలిన బీడీ కట్టలను ఎవరు పారేస్తారో రోగి చేతనే చెప్పించి రాసుకోవాలి.

అపోహ: ముప్పై ఏళ్లు పొగ తాగాక ఇప్పుడు మానితే ఏం లాభం?

వాస్తవం: గుండెజబ్బు బయటపడిన తర్వాత పొగ మానినవారిలో మరణ ముప్పు, మానని వారికంటే 36 శాతం తక్కువని 20 అధ్యయనాలను క్రోడీకరించిన 2003 నాటి సమీక్ష చెబుతోంది. పొగ మానేశాం, నడుస్తున్నాం కదా అని మాత్రలు ఆపేసేవారూ ఉన్నారు. స్టెంట్ ఉన్నవారికి అది ప్రాణాంతకం కావచ్చు.

అపోహ: మారవలసింది రోగి ఒక్కరే.

వాస్తవం: ఇంటాయనకు గుండెపోటు వస్తే మరునాటి నుంచే కూరల్లో ఉప్పు తగ్గుతుంది, ఆవకాయ జాడీ అటకెక్కుతుంది, నడకకు ఎవరో ఒకరు తోడు వెళ్తారు. అదే ఇంటావిడకు వస్తే, వారం తిరగకుండానే ఆమె పొయ్యి దగ్గర నిలబడి అందరికీ ఎప్పటి వంటే చేసి, తన ఒక్కదానికోసం చప్పిడి కూర వేరే ఎందుకని అదే తింటుంది. నడకకు వీలవుతుందా అని అడిగితే నవ్వి ఊరుకుంటుంది. అందుకే మహిళలను డిశ్చార్జి చేసే ముందు భర్తనో కొడుకునో పిలిచి కూర్చోబెట్టి, పొద్దున ఆరు నుంచి ఆరున్నర వరకు వంటింటి పని ఎవరు చూస్తారో చెప్పమంటాను. ఎవరో ఒకరు ఒప్పుకున్నాకే ఆమెతో నడక గురించి మాట్లాడతాను.