ఆ వింత నంబరు కార్మాక్‌ది కాదు: గేమ్ ప్రోగ్రామింగ్ అపోహలు - వాస్తవాలు

నెలకి నాలుగైదు మెసేజ్‌లు అచ్చం ఇలాగే వస్తాయి. ముందు ఒక స్క్రీన్‌షాట్. క్వేక్ 3 అరీనా సోర్స్ కోడ్‌లోంచి పదీ పన్నెండు లైన్లు, మధ్యలో తలాతోకా లేని ఒక పెద్ద నంబరు, దాని పక్కన ‘ఇదేం గోలరా బాబూ’ అనే అర్థంలో ఒక బూతు కామెంట్. కింద ఒక ప్రశ్న: ‘అన్నా, ఇది చూశాక టెన్షన్‌గా ఉంది. ఇలాంటి బుర్ర నాకు లేదు. గేమ్ ప్రోగ్రామింగ్ వదిలేయమంటారా?’

మొన్న వచ్చినదానికి జవాబు మొదలుపెడితే ఆగలేదు. అందుకే అందరికీ కలిపి ఇక్కడ పెడుతున్నాను. పన్నెండేళ్ళుగా గేమ్‌ప్లే కోడ్ రాయడం, రాసినదాన్ని సరిచేయడం నా పని. రెండోదే ఎక్కువ.

అపోహ: అసలైన ప్రోగ్రామర్‌కి ఇలాంటి కోడ్ బుర్రలోంచి ఊడిపడుతుంది

నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. మిగతా అపోహలు నమ్మినా పెద్దగా పోయేదేమీ లేదు. దీన్ని నమ్మినవాళ్ళు మాత్రం చేతిలో ఉన్న పని ఆపేసి కూర్చుంటారు.

ముందు ఆ కోడ్ ఏం చేస్తుందో చూద్దాం. ఒక సంఖ్య ఇస్తే, ఒకటిని దాని వర్గమూలంతో భాగించి ఇస్తుంది. 4 ఇస్తే 0.5 రావాలి. అంతే దాని పని. వెలుతురు, ప్రతిబింబాలు లెక్కకట్టాలంటే వెక్టర్లని నార్మలైజ్ చేయాలి, అంటే దిశ మార్చకుండా పొడవు 1 చేయాలి. అది క్షణక్షణానికీ బోలెడన్ని సార్లు జరుగుతుంది. అప్పటి ప్రాసెసర్ల మీద భాగహారం, వర్గమూలం రెండూ ఖరీదైన వ్యవహారాలు. అందుకని ఒక అడ్డదారి తొక్కారు. ఫ్లోట్‌గా (అంటే దశాంశ సంఖ్యగా) దాచిన బిట్లనే పూర్ణసంఖ్య అనుకుని చదవడం, ఒక బిట్ కుడివైపుకి జరపడం, వచ్చినదాన్ని ఆ వింత నంబరు 1597463007లోంచి తీసేయడం, మిగిలిన బిట్లని మళ్ళీ ఫ్లోట్‌గా చదవడం. ఫ్లోట్ బిట్లని పూర్ణసంఖ్యగా చదివితే అది దాదాపు లాగరిథమ్‌లా పనిచేస్తుంది. లాగరిథమ్‌ని సగం చేసి గుర్తు మారిస్తే కావలసింది అదే.

4తో చేసి చూడండి. తీసివేత అయ్యేసరికి 0.483 వస్తుంది. ఉజ్జాయింపు జవాబుని అసలుకి దగ్గర చేసే న్యూటన్ పద్ధతిని దాని మీద ఒక్కసారి నడిపితే 0.499. ఏ సంఖ్య ఇచ్చినా తప్పు 0.2 శాతం దాటదు. న్యూటన్ పద్ధతిని రెండోసారి నడిపే లైన్ కూడా ఆ కోడ్‌లో ఉంది, కానీ దాన్ని నడవకుండా కామెంట్‌గా మార్చేసి, ‘దీన్ని తీసేయొచ్చు’ అని పక్కన రాశారు. మొత్తం ఫంక్షన్‌లో నాకు బాగా నచ్చేది ఆ లైనే. ఎవరో దాన్ని నడిపి చూసి, తీసి చూసి, ఇది లేకపోయినా పనైపోతుందని తేల్చుకున్నారన్నమాట. మనం రోజూ చేసేది అదే కదా.

ఇక ఎవరు రాశారన్న సంగతి. గేమ్ 1999లో వచ్చింది, సోర్స్ కోడ్ 2005లో బయటపెట్టారు. వెంటనే అందరూ ఆ గేమ్ ప్రధాన ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ మేధస్సే మేధస్సు అన్నారు. ఒక జర్నలిస్టు నేరుగా ఆయన్నే అడిగితే, ‘నేను కాదు, బహుశా టెర్యే మథిసెన్ (ఇంకో ప్రోగ్రామర్) అయ్యుండొచ్చు’ అన్నాడు. మథిసెన్‌ని అడిగితే ఇది నాది కాదన్నాడు. తీగ లాగగా గ్యారీ టరోలి అనే ఇంకో ఇంజనీరు దొరికాడు. అప్పట్లో తను దీన్ని వాడానని, ఆ నంబరు మీద కొంత కసరత్తు కూడా చేశానని, కానీ కనిపెట్టింది మాత్రం తను కాదని చెప్పాడు. చివరికి 1980ల చివర్లో ఆర్డెంట్ కంప్యూటర్‌లో పనిచేసిన గ్రెగ్ వాల్ష్ దగ్గర ఆగింది. ఆయనకి ఆలోచన అందించింది మ్యాట్‌ల్యాబ్ అనే గణిత సాఫ్ట్‌వేర్ తయారుచేసిన క్లీవ్ మోలర్. మోలర్‌కి ఆ ఆలోచన వచ్చింది బర్క్‌లీలో విలియం కహన్, ఆయన సహచరుడు రాసిన కోడ్ చూసి.

ఎన్ని చేతులు మారిందో లెక్కపెట్టండి. మనకి స్క్రీన్‌షాట్‌లో కనబడే పన్నెండు లైన్ల వెనక పదేళ్ళకి పైగా సాగిన అరువులు, మార్పులు ఉన్నాయి.

దీనికో కొసరు కథ కూడా ఉంది. 2003లో, అంటే సోర్స్ అధికారికంగా బయటికి రాకముందే, క్రిస్ లోమాంట్ అనే గణితవేత్త ఇంతకంటే మంచి నంబరు ఉంటుందా అని కూర్చుని సిద్ధాంతం ప్రకారం లెక్కకట్టాడు. వచ్చింది. దాన్ని పెట్టి న్యూటన్ పద్ధతి కూడా నడిపితే పాతదానికంటే ఫలితం చెడింది! దాంతో ఆయన కంప్యూటర్ చేత వరసగా నంబర్లు వెతికించి 1597463174 పట్టుకున్నాడు. అది పాతదానికంటే కాస్త మెరుగు. గణితంలో పండినవాడికే వెతుకులాట తప్పలేదు. మరి మనం గూగుల్‌లో వెతికితే సిగ్గెందుకు?

ఇంకో మాట, ఇది నా మీద నేనే చెప్పుకోవాలి. మొదటి ఉద్యోగంలో చేరిన కొత్తలో, తెలివైనవాడిని అనిపించుకోవాలని ఈ ఫంక్షన్‌ని యథాతథంగా తెచ్చి మా కోడ్‌లో పెట్టాను. రివ్యూ చేసిన సీనియర్ మేడమ్ తిట్టలేదు, పొగడలేదు. ‘కొలిచావా?’ అని అడిగారు. కొలవలేదు. ఆ సాయంత్రం కొలిస్తే మామూలు లైబ్రరీ ఫంక్షన్ కంటే నాది నెమ్మదిగా ఉంది. ఈ పని సొంతంగా చేసే ఇన్‌స్ట్రక్షన్ పెంటియం 3లోనే, అంటే 1999లోనే, ప్రాసెసర్‌లోకి వచ్చేసింది. ఆ మరుసటి రోజు పొద్దున్నే, ఎవరూ రాకముందే వెళ్ళి నా కోడ్ తీసేశాను.

ఇలాంటి భయం పుట్టించేది ఇంకోటి ఉంది, రోలర్‌కోస్టర్ టైకూన్. క్రిస్ సాయర్ ఆ గేమ్‌ని దాదాపు 99 శాతం అసెంబ్లీలోనే (ప్రాసెసర్‌కి అతి దగ్గరగా ఉండే భాషలోనే) రాశాడన్నది నిజమే. కానీ ఆయన అప్పటికే ఏళ్ళ తరబడి అసెంబ్లీలోనే పనిచేస్తున్నాడు, ఆయన చేతికి అలవాటైన పనిముట్టు అది. మీకు సీ షార్పో పైథానో వచ్చినట్టు ఆయనకి అది వచ్చు. అందులోంచి ‘మగాడైతే అసెంబ్లీలో రాయాలి’ అనే నీతి తీసినవాళ్ళెవరో నాకు దొరికితే బావుణ్ణు.

ధైర్యం కావాలంటే దీనికి పూర్తిగా వ్యతిరేకమైన కోడ్ చూడండి. ‘వీ’ అక్షరం ఆరుసార్లు పేర్చిన పేరుతో 2010లో ఒక గేమ్ వచ్చింది, బాగా పేరు తెచ్చుకుంది. పదేళ్ళ పండగకి దాన్ని చేసిన టెర్రీ కావనా సోర్స్ బయటపెట్టాడు. అందులో ఒకే ఒక్క స్విచ్ స్టేట్‌మెంట్ (నంబరుని బట్టి ఏ కోడ్ నడవాలో ఎంచేది), దాంట్లో వందల కొద్దీ కేసులు. కథలో ఎక్కడ ఏం జరగాలో అంతా అక్కడే, నంబర్ల వారీగా. నా దగ్గర పనిచేసే పిల్లలెవరైనా అది రాసి తెస్తే రివ్యూలో వెనక్కి పంపేవాణ్ణి. ఆ గేమ్ మాత్రం జనం ఇప్పటికీ ఆడుతున్నారు.

అపోహ: గేమ్ లోడ్ అవడం ఆలస్యమైతే తప్పు మన కంప్యూటర్‌దే

కొన్నిసార్లు అవును. కానీ దీనికి జీటీఏ ఆన్‌లైన్ కథ చెప్పకుండా ఉండలేను. ఏళ్ళ తరబడి ఆ గేమ్ లోడ్ అవడానికి నిమిషాలు పట్టేది. జనం కొత్త డిస్కులు కొన్నారు, ర్యామ్ పెంచుకున్నారు. 2021 ఫిబ్రవరిలో ఒక ఆటగాడికి విసుగొచ్చి, సోర్స్ కోడ్ చేతిలో లేకుండానే, ప్రొఫైలర్ (ఏ పనికి ఎంత సమయం పోతోందో చూపే పనిముట్టు) పెట్టి లోపల ఏం జరుగుతోందో చూశాడు. రెండు తప్పులు దొరికాయి.

మొదటిది: గేమ్‌లో అమ్మే వస్తువుల జాబితా 10 మెగాబైట్ల జేసన్ అనే రకం టెక్స్టు ఫైలుగా వస్తుంది, సుమారు 63 వేల వస్తువులు. అందులో ఒక్కో విలువ చదవడానికి పిలిచే ఫంక్షన్, పిలిచిన ప్రతిసారీ మిగిలిన టెక్స్టు మొత్తం ఎంత పొడవుందో కొలుస్తోంది. పుస్తకంలో ఒక్కో మాట చదివే ముందు చివరి పేజీదాకా అక్షరాలన్నీ లెక్కపెట్టుకున్నట్టు. రెండోది: ప్రతి వస్తువునీ జాబితాలో చేర్చే ముందు, ఇది ఇప్పటికే ఉందా అని చేర్చినవాటన్నిటితోనూ పోల్చి చూడటం. 63 వేలకి అది దాదాపు 198 కోట్ల పోలికలు. పోనీ అవసరమా అంటే, ఆ జాబితాలో ఒకే వస్తువు రెండుసార్లు రానే రాదు!

ఈ రెండూ సరిచేసేసరికి అతని కంప్యూటర్‌లో ఆరు నిమిషాలు కాస్తా నిమిషం యాభై సెకన్లయింది. కంపెనీ ఒప్పుకుని, మార్చిలో అప్‌డేట్ ఇచ్చి, అతనికి 10 వేల డాలర్ల బహుమతి కూడా ఇచ్చింది.

దీన్ని చూపించి ‘ప్రోగ్రామర్లు బద్ధకస్తులు’ అనేవాళ్ళతో నాకు పేచీ ఉంది. మొదట రాసినప్పుడు ఆ జాబితాలో వంద వస్తువులే ఉండి ఉంటే ఆ కోడ్‌లో ఏ ఇబ్బందీ కనబడదు. మేం కూడా ఇలాంటివి రాశాం. ఎవరూ పట్టుకోకపోవడం వల్ల బయటికి రాలేదంతే.

అపోహ: బగ్ వల్ల గాంధీగారు అణుబాంబులు వేశారు

దీన్ని ప్రచారం చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. కథ మీకు తెలిసిందే. 1991లో వచ్చిన సివిలైజేషన్ గేమ్‌లో గాంధీకి దూకుడు 1, ప్రజాస్వామ్యంలోకి మారితే 2 తగ్గుతుంది, సున్నా కంటే కిందికి పోలేక 255కి ఎగబాకుతుంది, దాంతో ఆయన బాంబులు కురిపిస్తాడు. ఇంటీజర్ అండర్‌ఫ్లో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉంటుందా? నాలుగేళ్ళు ట్రైనింగ్ సెషన్లలో ఇదే చెప్పాను, నవ్వులు కూడా పడేవి.

ఒకసారి వెనక బెంచీలో కూర్చున్న అమ్మాయి చెయ్యెత్తి, ‘సార్, ఆ కోడ్ మీరు చూశారా?’ అంది. చూడలేదు. ఆ గేమ్ చేసిన సిడ్ మైయర్ 2020లో తన ఆత్మకథలో అలాంటి బగ్ ఏదీ లేదని రాసేశాడు. గాంధీకి అణుబాంబుల మోజు నిజంగా పెట్టింది 2010లో వచ్చిన ఐదో భాగంలో. అది బగ్ కాదు, కావాలని చేసిన చమత్కారం.

ఇప్పుడు ఆ స్థానంలో ప్యాక్‌మ్యాన్ చెబుతున్నాను. 256వ లెవెల్‌కి వచ్చేసరికి ఎనిమిది బిట్ల లెక్క సున్నాకి తిరిగిపోతుంది, పండ్ల బొమ్మలు గీసే కోడ్ ఎక్కడ ఆగాలో తెలియక గీసుకుంటూ పోతుంది, తెరలో కుడి సగం చెత్తచెత్త అవుతుంది. ఇది నిజం, ఎవరైనా నడిపి చూసుకోవచ్చు. నవ్వులు మాత్రం అన్ని పడవు.

మిగతావి, గబగబా

గర్భ పరీక్ష కిట్‌లో డూమ్ అనే పాత గేమ్ నడిచిందన్న వీడియో: బయటి డొక్కు మాత్రమే కిట్‌ది. లోపలి ప్రాసెసర్, డిస్‌ప్లే రెండూ మార్చామని చేసినవాళ్ళే మొదటినుంచీ చెబుతున్నారు. ఫార్వర్డ్ చేసేవాళ్ళు ఆ ముక్క కత్తిరిస్తారు.

కంప్యూటర్ బగ్ అనే మాట 1947లో హార్వర్డ్ మార్క్ 2లో దొరికిన చిమ్మటతో పుట్టిందట. ఆ లాగ్‌బుక్‌లోనే ‘నిజంగా బగ్ దొరికిన మొదటి సందర్భం’ అని రాశారు. అంటే ఆ మాట అప్పటికే వాడుకలో ఉంది, అందుకే అది జోకయింది. ఎడిసన్ 1878లోనే వాడాడు.

పాత వీడియో గేమ్ క్యాట్రిడ్జ్‌లో ఊదితే గేమ్ నడుస్తుందా? తీసి మళ్ళీ పెట్టడం వల్ల నడుస్తుంది. ఊదితే తడి చేరి తుప్పు పడుతుంది.

గేమ్‌లు బాగా ఆడేవాళ్ళే బాగా చేస్తారన్నది తప్పు. ముందు సొంత ఇంజిన్ రాయాలన్నది ఇంకా పెద్ద తప్పు, దానికి విడిగా రాయాలి. మ్యాథ్స్ అంటారా, వెక్టర్లు, డాట్ ప్రొడక్ట్, కొంచెం త్రికోణమితి ఉంటే చాలాకాలం గడిచిపోతుంది.

మొన్నటి మెసేజ్ పెట్టిన తమ్ముడి సంగతికొస్తే, ఈ ఊసంతా పక్కనపెట్టి, ‘నువ్వు ఇప్పుడు ఏం చేస్తున్నావు?’ అని అడిగాను. బంతీ గోడల గేమ్ ఒకటి చేస్తున్నాడట. బంతి వేగం పెంచితే గోడలోంచి దూరి అవతలికి పోతోందట. అందుకే తనకి ఈ రంగం సరిపడదని తేల్చుకున్నాడు. కోడ్ పంపమన్నాను. గోడ మందం 20 పిక్సెళ్ళు. బంతి వేగం సెకనుకి 1800 పిక్సెళ్ళు, తెర మీద బొమ్మ మారేది సెకనుకి 60 ఫ్రేములు. అంటే ఒక్కో ఫ్రేముకి 30 పిక్సెళ్ళు గెంతుతోంది. ఒక ఫ్రేములో గోడకి ఇవతల, మరుసటి ఫ్రేములో అవతల. గోడని తాకిన క్షణం అంటూ దానికి లేనే లేదు. బుర్ర లేకపోవడం కాదు నాయనా, ఈ పని చేసే ప్రతివాడికీ మొదటి ఏడాదిలో తగిలే బగ్ ఇదే అని చెప్పి, ఒక్కో ఫ్రేముని నాలుగు చిన్న అడుగులుగా విడగొట్టి, అడుగడుగునా గోడని చూడమన్నాను.

రాత్రి పదకొండుకి మళ్ళీ మెసేజ్ వచ్చింది. ‘అన్నా, దూరడం ఆగింది. ఇప్పుడు గోడకి అతుక్కుపోయి వణుకుతోంది.’

గోడ లోపల ఉన్నంతసేపూ అడుగడుక్కీ దిశ తిప్పేస్తున్నాడన్నమాట. ముందు బంతిని గోడ బయటికి నెట్టు, ఆ తర్వాత తిప్పు అని రాసి పడుకున్నాను.