బరంపురం పట్టా, వాల్తేరు బీరువా

పర్లాకిమిడి, బరంపురం తెలుగు ఇళ్లలో తాతగారి పట్టా మీద ఒక విశ్వవిద్యాలయం పేరుంటే, తండ్రి పట్టా మీద మరొకటి, కొడుకు పట్టా మీద ఇంకొకటి ఉండవచ్చు. అలాగని ఇల్లు మారలేదు, కాలేజీ మారలేదు. పైన అజమాయిషీ చేసేవాళ్లే మారారు. మొదట మద్రాసు, 1926 నుంచి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు. 1936 ఏప్రిల్ 1న, ఈ ఊళ్లున్న గంజాం ప్రాంతం ఒడిశాలో కలిసినా కాలేజీలు మరికొన్నేళ్లు వాల్తేరు, అంటే విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కిందే నడిచాయి. 1943లో ఉత్కల్, 1967 జనవరిలో బరంపురం విశ్వవిద్యాలయం వచ్చాయి.

ఆస్తి దావాలోనో పెన్షన్ తగాదాలోనో పాత చదువు రుజువు చేయాల్సి వస్తే, సమన్లు ఎవరికి పంపాలన్నదే మొదటి చిక్కు. విశ్వవిద్యాలయం చట్టం దృష్టిలో ఒక వ్యక్తి. దాని పేరునే దావా నడుస్తుంది, కాగితాలు మాత్రం సాధారణంగా రిజిస్ట్రార్ చేతికి వెళతాయి. టపాలో వచ్చిన కవరు మీద తేదీ ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు పడతాయి. అక్కడి నుంచి న్యాయ వ్యవహారాలు చూసే సీటుకు, ఆపైన పరీక్షల విభాగానికి. అట్ట ఊడిన మార్కుల రిజిస్టరు కిందికి దించి పేరు వెతికే గుమాస్తా దగ్గరే అసలు ఆలస్యం. ఆ ఆలస్యాన్ని కోర్టు మీదికి నెట్టేయడం మనకు అలవాటు.

సమన్లు అనగానే ముద్దాయిగా బోనెక్కమన్నట్టు కంగారుపడే అధికారులూ ఉన్నారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 16వ ఆర్డరు ప్రకారం, పత్రం మాత్రమే అడిగితే దాన్ని ఎవరి చేతనైనా పంపి దాఖలు చేయించవచ్చు. స్వయంగా రానక్కర్లేదు.

అసలు విశ్వవిద్యాలయాన్ని రిట్ వేసి నిలదీయవచ్చా అన్నదానికీ ఒక చరిత్ర ఉంది. 1950ల తొలినాళ్లలో, ఉడుపి కాలేజీలో సీటు దక్కని ఒక విద్యార్థిని కేసులో, విశ్వవిద్యాలయం రాజ్యాంగం చెప్పే ‘రాజ్యం’ (ప్రాథమిక హక్కులకు కట్టుబడాల్సిన ప్రభుత్వ సంస్థలు) కిందికి రాదని మద్రాసు హైకోర్టు తేల్చింది. రాజస్థాన్ విద్యుత్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు ఆ నిర్వచనాన్ని విశాలం చేసింది. అదీ 1967లోనే. బరంపురం విశ్వవిద్యాలయం పుట్టీ పుట్టగానే రిట్లకు తలుపు తెరుచుకుందన్నమాట!

జవాబు పత్రాల కథ ఇంకా నెమ్మది. వాటిని చూపించాలన్న వాదనను 1984లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. సమాచార హక్కు చట్టం వచ్చాక, 2011లో అదే కోర్టు తన జవాబు పత్రాన్ని చూసుకునే హక్కు విద్యార్థికి ఉందని చెప్పింది.

పాత పట్టాల విషయంలో మాత్రం ఇప్పటికీ పేరు కంటే ముందు సంవత్సరం చూడాలి. 1926కు ముందైతే మద్రాసు, ఆ తర్వాత 1943 దాకా వాల్తేరు. 1943కు అటూ ఇటూగా ఉంటే వాల్తేరుకూ ఉత్కల్‌కూ రెండు చోట్లా రాయడం మేలు. ఒకచోటికే రాసి, అది తిరిగొచ్చేదాకా కూర్చుంటే వాయిదా దాటిపోతుంది.