చెప్పించడం కాదు, చెప్పనివ్వడం

ఘోరం చూసిన మనిషిని వీలైనంత త్వరగా కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పిస్తే మనసు తేలికపడుతుందని చాలామంది నమ్మకం. నిపుణులు కూడా కొంతకాలం అలాగే నమ్మారు. 1983లో అమెరికాకు చెందిన జెఫ్రీ మిచెల్ అగ్నిమాపక, అత్యవసర సేవల సిబ్బంది కోసం ‘డీబ్రీఫింగ్’ అనే పద్ధతిని ప్రతిపాదించాడు. ప్రమాదం జరిగిన కొద్దిరోజుల్లోనే అందరూ కలిసి కూర్చుని, చూసినదీ అనుభవించినదీ చెప్పుకోవాలి. తర్వాత అది ఆసుపత్రి మంచం మీదున్న క్షతగాత్రుల దాకా పాకింది. అక్కడ ఒక్కొక్కరితో, ఒక్కసారి మాట్లాడి ముగించేవారు.

ఫలితాలు కొలిచాక నమ్మకం సడలింది. వేల్స్‌లో కాలిన గాయాలైన 133 మందిపై చేసిన అధ్యయనం 1997లో వెలువడింది. 13 నెలల తర్వాత చూస్తే, డీబ్రీఫింగ్ చేసినవాళ్లలో 26 శాతం మందికి పీటీఎస్‌డీ (ఘోరం ముగిసినా ఆ జ్ఞాపకాలూ భయమూ వెంటాడే మానసిక సమస్య) ఉంది. చేయనివాళ్లలో 9 శాతం మందికే ఉంది. మొదటి గుంపువాళ్ల గాయాలు కాస్త తీవ్రమైనవి కాబట్టి తప్పంతా ఆ పద్ధతి మీదే వేయలేం. అయితే 2000లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ అధ్యయనం రోడ్డు ప్రమాద బాధితులను మూడేళ్ల తర్వాత పరిశీలించింది. మొదట్లో బాగా కలతపడ్డవాళ్లలో డీబ్రీఫింగ్ లేనివాళ్లు కోలుకున్నారు. అది జరిగినవాళ్లు ఇంకా ఆ బాధలోనే ఉన్నారు. ఈ ఫలితం చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. సాయం చేయబోయినవాళ్లందరూ మంచి మనసుతోనే చేశారు కదా!

అలాగని గతం తవ్వకూడదని కాదు. మనస్తత్వవేత్త ఎడ్నా ఫోవా రూపొందించిన ‘ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్’ థెరపీలో అదే జ్ఞాపకాన్ని పదేపదే చెప్పిస్తారు. పీటీఎస్‌డీకి బలమైన ఆధారాలున్న చికిత్సల్లో అదొకటి. కానీ అక్కడ ఏం చేయబోతున్నారో, ఎందుకో ముందే వివరిస్తారు. మనిషి ఒప్పుకున్నాకే మొదలుపెడతారు. ఆ భయం సద్దుమణిగేదాకా వారాల తరబడి తోడుంటారు.

అందుకే అనుమతి అడగడం, వేగాన్ని ఎదుటివాళ్లకే వదిలేయడం చికిత్సలో భాగమే తప్ప పైపై మర్యాద కాదని నేను గట్టిగా నమ్ముతాను. అత్యాచారంలోనైనా, ఇంట్లో రోజూ తినే దెబ్బల్లోనైనా ముందు పోయేది తన శరీరం మీద తన అధికారమే. థెరపీ గదిలోనూ ఇంకొకరే నిర్ణయిస్తే పోయినది తిరిగి ఎలా వస్తుంది? మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో చెప్పిన క్రమం కూడా ఇదే: ముందు భద్రత, ఆ తర్వాతే గుర్తుచేసుకోవడం, దుఃఖించడం, చివరికి మళ్లీ నలుగురిలో కలవడం.

“ఎందుకు అరవలేదు? అప్పుడే ఎందుకు చెప్పలేదు?” అనే ప్రశ్నలు ఇంట్లోవాళ్లే వేస్తుంటారు. స్టాక్‌హోంలో అత్యాచార బాధితుల అత్యవసర క్లినిక్‌కి వచ్చిన 298 మంది మహిళల్లో 70 శాతం మంది, ఆ సమయంలో శరీరం గణనీయంగా కొయ్యబారిపోయిందని చెప్పినట్టు 2017 నాటి అధ్యయనం నమోదు చేసింది. అది ఇష్టపూర్వకంగా ఊరుకోవడం కాదు, భయానికి శరీరం తనంతట తాను చూపే ప్రతిస్పందన. ఈ ఒక్క సంగతి తెలిస్తేనే ఏళ్లుగా మోస్తున్న సిగ్గు కొంత దిగుతుంది.

మన దగ్గర కౌన్సెలింగ్‌కి అమ్మో, భర్తో, అత్తగారో వెంట వచ్చి, “కాస్త నచ్చజెప్పండి మేడమ్” అంటూ పక్కనే కూర్చుంటారు. వాళ్ల ప్రేమ నిజమే. అయినా మనిషితో విడిగా మాట్లాడే సమయం ఉండాల్సిందే. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 గోప్యతను హక్కుగా గుర్తించింది.

గోప్యతకూ హద్దులున్నాయి. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం థెరపిస్టు కూడా ఫిర్యాదు చేయాలి. “ఎవరికీ చెప్పను” అని మాటిచ్చి, అంతా విన్నాక పోలీసుల సంగతి ఎత్తితే ఆ పిల్ల మళ్లీ ఎవరినీ నమ్మకపోవచ్చు. కాబట్టి పిల్ల నోరు విప్పకముందే, తను ఏది రహస్యంగా ఉంచగలదో ఏది ఉంచలేదో ఆ వయసుకు అర్థమయ్యే మాటల్లో థెరపిస్టు చెప్పాలి. అది విని పిల్ల ఆ రోజుకి మౌనంగా వెళ్లిపోయినా సరే, ముందే చెప్పాలి.