పీఎఫ్ కోత, పన్ను మినహాయింపు: రిటైర్మెంటు ముంగిట విశాఖ ఉద్యోగి లెక్క ఎక్కడ తప్పుతోంది

జనవరి వచ్చిందంటే విశాఖ కర్మాగారాల్లో, రిఫైనరీలో, ప్రభుత్వ ఆఫీసుల్లో అకౌంట్సు విభాగం అడిగేది ఒకటే: పన్ను ఆదా పెట్టుబడుల రుజువులు ఇవ్వండి అని. ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఉన్నవాళ్ళు అలవాటుగా ఎల్‌ఐసీ రసీదులు, పీపీఎఫ్ పాసుపుస్తకం జెరాక్సు పట్టుకెళ్తారు. మార్చి 31లోగా ఇంకో 50 వేలో లక్షో ఎక్కడైనా కడితే పన్ను తగ్గుతుందని ఉద్యోగంలో చేరిన కొత్తలో సీనియర్లు చెప్పారు. అప్పట్లో అది నిజమే. ఈనాటి చట్టంలో, 57 ఏళ్ళ వయసులో, ఆ లెక్క చాలామందికి రూపాయి కూడా మిగల్చదు. పైగా రిటైరయ్యాక చేతికి అందాల్సిన డబ్బును ఏళ్ళ తరబడి కదలకుండా చేస్తుంది. ఈ మినహాయింపు ఎవరి అవసరం కోసం పుట్టిందో, ఎన్నిసార్లు రూపం మార్చుకుందో చూస్తే కారణం తెలుస్తుంది.

జీవిత బీమా ప్రీమియానికి మినహాయింపు 1886 నాటి ఆదాయపు పన్ను చట్టంలోనే ఉంది. 1925 ప్రావిడెంట్ ఫండ్స్ చట్టం ప్రభుత్వోద్యోగుల పీఎఫ్‌ను అప్పులవాళ్ళు జప్తు చేయకుండా కాపాడింది. ప్రైవేటు కార్మికులకు చట్టబద్ధమైన పీఎఫ్ 1952లో వచ్చింది. మొదట సిమెంటు, సిగరెట్లు, ఇంజినీరింగు, ఇనుము-ఉక్కు, కాగితం, జౌళి అనే ఆరు పరిశ్రమలకే అది వర్తించేది. కోత జీతంలో 6.25 శాతం. సింధియా కంపెనీ కట్టిన నౌకా నిర్మాణ కేంద్రం హిందుస్థాన్ షిప్‌యార్డ్‌గా మారింది కూడా ఆ ఏడాదే. ఆ తర్వాత కాల్టెక్స్ రిఫైనరీ, ఎరువుల కర్మాగారం, భారీ యంత్ర పరికరాలు చేసే బీహెచ్‌పీవీ వచ్చాయి. నెలనెలా పే స్లిప్పులో పీఎఫ్ గడి కనిపించే ఊరిగా విశాఖ మారింది. కోత క్రమంగా పెరిగి 1997 సెప్టెంబరులో 12 శాతానికి చేరింది. ఈనాటికీ అదే.

ఇందులో ప్రభుత్వ అవసరం దాచిందేమీ కాదు. పీఎఫ్ సొమ్ములో పెద్ద వాటా ప్రభుత్వ బాండ్లలోకే వెళ్ళేది. పంచవర్ష ప్రణాళికలకు డబ్బు కావాలి, దాచేవాడికి పన్ను రాయితీ ఎర. 1968లో, దాచిన సొమ్ముకు పన్ను మినహాయింపునిచ్చే 80సీ సెక్షన్ అమల్లోకి వచ్చింది. అదే ఏడాది జూలైలో పీఎఫ్ లేనివాళ్ళ కోసం పీపీఎఫ్ మొదలైంది. 1990 బడ్జెట్లో మధు దండావతే 80సీ తీసేసి 88వ సెక్షన్ తెచ్చారు. దాచిన మొత్తాన్ని ఆదాయంలోంచి తీసేయడానికి బదులు, దాచినదాంట్లో 20 శాతం పన్నులోంచి తగ్గించేవారు. గుమస్తాకైనా జనరల్ మేనేజరుకైనా ఒకే శాతం. చరిత్ర మొత్తంలో న్యాయమైన పద్ధతి ఇదేనని మా అభిప్రాయం. 2002లో దానికీ కత్తెర పడింది. లక్షన్నర దాటిన ఆదాయానికి రాయితీ 15 శాతమైంది, 5 లక్షలు దాటితే సున్నా. 2005లో చిదంబరం మళ్ళీ 80సీని తెచ్చి లక్ష రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టారు. 2014లో అది లక్షన్నర అయ్యింది. అప్పటి నుంచి పెరగలేదు.

ఆ లక్షన్నర దగ్గరే మొదటి చిక్కు. విశాఖ ఉక్కు కర్మాగారాన్ని 1992 ఆగస్టు 1న పీవీ నరసింహారావు జాతికి అంకితం చేశారు. ఎనభైల చివర్లో, తొంభైల మొదట్లో అక్కడ చేరిన తరమంతా ఈ దశాబ్దంలో రిటైరవుతోంది. ఆ తరంలో ఒకరి మూలవేతనం, డీఏ కలిపి నెలకు 1,20,000 అనుకుందాం. పీఎఫ్ 12 శాతం అంటే నెలకు 14,400, ఏడాదికి 1,72,800. కోతతోనే లక్షన్నర గడప దాటిపోయింది. ఆపైన కట్టే ఎల్‌ఐసీ ప్రీమియం, పీపీఎఫ్, ఐదేళ్ళ పన్ను ఆదా డిపాజిట్ ఏదీ 80సీలో చోటు సంపాదించదు. పే స్లిప్పులో పీఎఫ్ అంకెను 12తో గుణించి చూసుకుంటే అర నిమిషంలో తేలే సంగతి ఇది. ఆ గుణకారం చేయకుండా మార్చి నెలాఖరులో ఐదేళ్ళ డిపాజిట్ వేస్తారు. దాన్ని మధ్యలో తీయడానికి వీల్లేదు, వడ్డీ మీద పన్ను మామూలే.

వీపీఎఫ్, అంటే తప్పనిసరి 12 శాతానికి పైన ఇష్టపడి కోయించుకునే పీఎఫ్, దాని సంగతి వేరు. అది 80సీ కోసం కాదు, వడ్డీ కోసం. 2024-25కు ఈపీఎఫ్ (ఉద్యోగుల పీఎఫ్) వడ్డీ 8.25 శాతం, నికరమైన ప్రభుత్వ పథకాల్లో పైవరుస. మూలవేతనం, డీఏ మొత్తం వరకూ అయినా వీపీఎఫ్ కట్టించుకోవచ్చు. కాకపోతే 2021 ఏప్రిల్ 1 నుంచి ఉద్యోగి సొంత చందా ఏడాదికి 2,50,000 దాటితే దాటిన భాగం మీది వడ్డీకి పన్ను పడుతోంది. పైన చెప్పిన ఉద్యోగికి ఇంకా మిగిలిన చోటు 77,200, అంటే నెలకు 6,433. వీపీఎఫ్‌ను అంత వరకూ పెంచుకోవడం మేలు. దాటితే ఆ ఖాతాను పీఎఫ్ విభాగం రెండుగా విడగొడుతుంది, పన్ను పడే భాగం వడ్డీని రిటర్నులో ఏటా చూపాలి, డబ్బు చేతికి రాకపోయినా సరే. చాలా సంస్థల్లో వీపీఎఫ్ శాతం మార్చుకునే వీలు ఏప్రిల్‌లోనే ఉంటుంది. ఫిబ్రవరిలో గుర్తొస్తే లాభం లేదు.

పీఎఫ్ మీద పన్ను వేయాలన్న ఆలోచన అంతకుముందే వచ్చింది. కట్టేటప్పుడు మినహాయింపు ఇచ్చి తీసుకునేటప్పుడు పన్ను వేద్దామని 2009 ప్రత్యక్ష పన్నుల కోడ్ ముసాయిదాలో రాశారు, తర్వాత వెనక్కి తీసుకున్నారు. 2016 బడ్జెట్లో ఈపీఎఫ్ విత్‌డ్రాయల్‌లో 60 శాతానికి పన్ను అన్నారు. ఉద్యోగ సంఘాలు భగ్గుమన్నాయి, మార్చి 8న అరుణ్ జైట్లీ లోక్‌సభలో ఉపసంహరించుకున్నారు. తలుపు దగ్గర ఆగిన పన్ను ఐదేళ్ళ తర్వాత కిటికీలోంచి, పెద్ద చందాల వడ్డీ మీదుగా లోపలికొచ్చింది.

పింఛను కథ ఇంకో దారిలో నడిచింది. 2004 జనవరి 1 నుంచి చేరిన కేంద్ర ప్రభుత్వ సివిలియన్ ఉద్యోగులకు పాత పింఛను లేదు. నేవల్ డాక్‌యార్డ్, విశాఖలోని రైల్వే అందులోకే వస్తాయి. రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి సీపీఎస్, అంటే జీతంలోంచి చందా కట్టే పింఛను పథకం. 2009 మే 1న ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) అందరికీ తెరుచుకుంది. జనాన్ని అటు మళ్ళించడానికి 2015లో 80సీసీడీ(1బీ) కింద లక్షన్నరకు పైన మరో 50,000 మినహాయింపు ఇచ్చారు. 80సీ నిండినవాళ్ళు సొంతంగా దాచే డబ్బుకు పాత పన్ను విధానంలో నిజంగా పనికొచ్చే మినహాయింపు ఇదొక్కటే. 30 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి 15,600 మిగులుతుంది. డబ్బు ఎన్‌పీఎస్‌లోని అసలు పింఛను ఖాతా టయర్-1లోనే పడాలి. టయర్-2లో వేసి రసీదు తెచ్చినా మామూలు ఉద్యోగికి మినహాయింపు రాదు. మార్చి 31 సాయంత్రం కట్టిన చందా ట్రస్టీ బ్యాంకుకు ఏప్రిల్‌లో చేరితే ఆ ఏడాది లెక్కలోకి రాకుండా పోయే ప్రమాదం ఉంది. మార్చి 20 దాటనివ్వకండి.

సీపీఎస్ టీచర్లకు, గుమస్తాలకు ఒక సూచన. మీ జీతంలోంచి కోసే 10 శాతాన్ని మొత్తంగా 80సీ వైపు రాసేయనక్కర్లేదు. ఏపీజీఎల్‌ఐ (రాష్ట్ర ప్రభుత్వ జీవిత బీమా), ఎల్‌ఐసీ, పిల్లల ట్యూషన్ ఫీజులతో లక్షన్నర నింపి, సీపీఎస్ చందాలోంచి 50,000 విడిగా 80సీసీడీ(1బీ)లో చూపుకోవచ్చు. కొత్తగా రూపాయి కట్టకుండానే. జీతాల బిల్లు చేసే దగ్గర ఈ విభజన చాలాసార్లు తప్పిపోతుంది, ఫారం 16లో సరిచూసుకోవాలి.

ఇదంతా పాత విధానం మాట. 2020లో నిర్మలా సీతారామన్ తెచ్చిన కొత్త పన్ను విధానంలో 80సీ లేదు, ఆ 50,000 కూడా లేదు. 2023-24 నుంచి అదే డిఫాల్ట్. ఏమీ చెప్పకపోతే అకౌంట్సువాళ్ళు దాని ప్రకారమే పన్ను కోస్తారు. ఇక్కడ ఒక లెక్క పూర్తిగా చూడాలి. 60 లోపు వయసు, 2025-26లో జీతం 18 లక్షలు. కంపెనీ క్వార్టర్లో ఉంటున్నారు, ఇంటి అప్పు తీరిపోయింది. పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 50,000, 80సీ 1,50,000, ఎన్‌పీఎస్ 50,000 పోగా పన్ను పడే ఆదాయం 15,50,000. సెస్సుతో పన్ను 2,88,600. కొత్త విధానంలో 75,000 మాత్రమే పోయి 17,25,000 మిగులుతుంది, పన్ను 1,50,800. రెండు లక్షల మినహాయింపులు తీసుకున్నా పాత విధానంలో 1,37,800 ఎక్కువ కట్టాలి. రెండూ సమానం కావాలంటే ఇంకా దాదాపు 4,42,000 మినహాయింపులు కావాలి. అద్దె ఇల్లు, ఇంటి అప్పు వడ్డీ, ఇంట్లో వైకల్యం ఉన్నవారి ఖర్చు వంటివి ఉంటే తప్ప అది అందే అంకె కాదు.

అంటే పన్ను కోసమని ఈ వయసులో కొత్త పథకాల్లో డబ్బు పెట్టడానికి చాలామందికి కారణమే మిగల్లేదు. కొత్త విధానంలో మిగిలిన దారి 80సీసీడీ(2) ఒక్కటే, అంటే యజమాని మీ ఎన్‌పీఎస్‌లో వేసే చందా. 2024లో దాని పరిమితిని అన్ని యాజమాన్యాలకూ మూలవేతనం, డీఏల్లో 14 శాతానికి పెంచారు. 1,20,000 జీతానికి ఏడాదికి 2,01,600. సొంతంగా కడితే రాని మినహాయింపు యాజమాన్యం చేత కట్టిస్తే వస్తుంది. సంస్థ జీతం నిర్మాణంలో ఈ వీలుందేమో హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగాలి. యజమాని వైపు నుంచి పీఎఫ్, ఎన్‌పీఎస్, సూపరాన్యుయేషన్ (సంస్థ పెట్టే రిటైర్మెంటు నిధి) కలిపి ఏడాదికి 7,50,000 దాటితే దాటింది జీతంలో కలుస్తుందని మరవకూడదు.

చివరి రెండేళ్ళలో జరిగే పొరపాట్లు ఎక్కువగా తేదీల దగ్గరే. చాలా ప్రభుత్వ రంగ సంస్థల్లో పదవీ విరమణ 60కి, పీఎఫ్‌తో పాటే నడిచే పింఛను పథకం ఈపీఎస్-95 సభ్యత్వం మాత్రం 58 నిండగానే ఆగుతుంది. అప్పటి దాకా యజమాని వాటాలోంచి పింఛను నిధికి వెళ్ళే 8.33 శాతం (15,000 పరిమితి మీద 1,250) ఆ రోజు నుంచి పీఎఫ్‌లోకి రావాలి. జీతాల సాఫ్ట్‌వేర్లో పుట్టినతేదీ తప్పుంటే పింఛను నిధికి కోత సాగుతూనే ఉంటుంది, తర్వాత పింఛను కోసం ఫారం 10డీ పెట్టినప్పుడు దరఖాస్తు తిరిగొస్తుంది. 58వ పుట్టినరోజు తర్వాత నెల పీఎఫ్ పాసుబుక్కులో పింఛను గడి సున్నా అయిందో లేదో చూడండి. కాకపోతే అప్పుడే సరిచేయించండి. రెండేళ్ళు పేరుకున్నాక సవరణ నెలల పని.

పీపీఎఫ్‌లో పదిహేనేళ్ళు నిండినవాళ్ళు ఏడాదిలోగా ఫారం 4 ఇచ్చి ఐదేళ్ళు పొడిగించుకోవాలి. ఇవ్వకుండా డబ్బు కడుతూ పోతే ఆ కట్టిన సొమ్ముకు వడ్డీ రాదు, 80సీ రాదు. 57లో కొత్త ఖాతా తెరిస్తే 72 దాకా ఆగాలి. దానికన్నా పాత ఖాతా పొడిగింపే నయం. నెల 5లోపు కడితేనే ఆ నెల వడ్డీ వస్తుంది.

తొంభైల చివర్లో 80సీసీసీ పేరుతో అమ్మిన పింఛను పాలసీలు ఇప్పుడు గడువుకొస్తున్నాయి. మూడో వంతు పన్ను లేకుండా ఒకేసారి తీసుకోవచ్చు, మిగతాది పింఛనుగా వస్తుంది, దానికి పన్ను ఉంటుంది. విసుగొచ్చి పాలసీ సరెండర్ చేస్తే, మినహాయింపు పొందిన సొమ్ము వడ్డీ, బోనసులతో సహా ఆ ఏడాది ఆదాయమైపోతుంది. రిటైరైన ఏడాదే సరెండర్ చేయడం మరీ నష్టం. అదే ఏడాది జీతం, సెలవుల డబ్బు కూడా లెక్కలో ఉంటాయి. సెలవుల నగదుకు ప్రభుత్వేతర ఉద్యోగులకు మినహాయింపు 2002 నుంచి 3 లక్షల దగ్గరే ఉండి 2023లో 25 లక్షలైంది. గ్రాట్యుటీకి 20 లక్షలు. ప్రభుత్వ రంగ సంస్థలవాళ్ళు ఈ లెక్కలో ప్రభుత్వేతరులే.

ఎన్‌పీఎస్‌లో 60 శాతం ఒకేసారి తీసుకుంటే పన్ను లేదని 2019 నుంచి ఉంది. యాన్యుటీగా వచ్చేది ఆదాయం. కాని కొత్త విధానంలో 2025-26 నుంచి 12 లక్షల ఆదాయం వరకూ పన్ను సున్నా, పాత యజమాని ఇచ్చే పింఛనైతే స్టాండర్డ్ డిడక్షన్‌తో 12,75,000. ఉద్యోగంలో 30 శాతం శ్లాబులో మినహాయింపు పొంది, రిటైరయ్యాక సున్నా శ్లాబులో తీసుకునేవారికి అసలు లాభం అక్కడుంది.

రిటైరైన డబ్బు చేతికొచ్చాక సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ 30 లక్షల దాకా వేసుకోవచ్చు. 8.2 శాతం రేటుకు మూడు నెలలకోసారి 61,500 వడ్డీ. 60 నిండని వీఆర్‌ఎస్‌వాళ్ళకు 55 దాటితే చాలు, అయితే రిటైర్మెంటు సొమ్ము అందిన మూడు నెలల్లోగా ఖాతా తెరవాలి. సెటిల్మెంటు ఉత్తర్వు, సొమ్ము జమైన తేదీ చూపే బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకెళ్తే పోస్టాఫీసులో ఒకే తిరుగుడుతో పని అవుతుంది. పీఎఫ్‌ను మాత్రం అక్కడే వదిలేయకండి. ఉద్యోగం మానాక జమయ్యే వడ్డీకి పన్ను ఉంది, 55 దాటి రిటైరై మూడేళ్ళు తీసుకోకపోతే ఖాతా నిద్రాణమై వడ్డీ ఆగిపోతుంది.

2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. అందులో 80సీ లేదు, ఆ మినహాయింపు 123వ సెక్షన్ అయ్యింది. లక్షన్నర మాత్రం అలాగే ఉంది. జీతం తప్ప వ్యాపార ఆదాయం లేనివాళ్ళు ఏ విధానమో ఏటా రిటర్ను వేసేటప్పుడు మార్చుకోవచ్చు, గడువు తేదీలోపు వేస్తేనే. ఆలస్యమైతే కొత్త విధానమే ఖాయం.