ఇల్లు సర్దుకోవడం: నేను రోజూ వినే అపోహలు, చూసే వాస్తవాలు

ఇళ్లు సర్దిపెట్టడం నా వృత్తి. నల్లగొండలో ఉంటాను. మిర్యాలగూడ, సూర్యాపేట, దేవరకొండ వైపు కూడా వెళ్తుంటాను. ఇంటివాళ్లతో కలిసి కూర్చుని ఒక్కో అర ఖాళీ చేయిస్తాను. ఏది ఉండాలో ఏది పోవాలో వాళ్లే తేల్చుకుంటారు. మిగిలినదానికి చోటు చూపించడం నా పని. ఏ ఇంటికి వెళ్లినా గడపలోనే "ఏమీ అనుకోకండి, ఇల్లు ఇలా ఉంది" అంటారు. ఆ సిగ్గు అక్కర్లేదు. బద్ధకం వల్ల సామాను పేరుకుపోయిన ఇళ్లను నేను చూసింది చాలా తక్కువ.

అపోహ: పారేసిన మర్నాడే దానితో పని పడుతుంది, ఉండనీ.

వాస్తవం: ఈ మాటను నేను ఎప్పుడూ తీసిపారేయను. మన వైపు దాచుకోవడం కరువు నేర్పిన తెలివి. పానగల్లు దగ్గర ఒక ఇంట్లో వంటగది గోడ వెంట పదహారు బిందెలు, పెరట్లో మూడు పెద్ద డ్రమ్ములు కనిపించాయి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉండి, మంచినీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో ఆ ఇంటి పెద్దావిడ ఒక్కొక్కటే కూడబెట్టినవి అవి. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు నల్లాలోకి వచ్చి ఏళ్లయింది. బిందెలు మాత్రం కదల్లేదు. "నల్లా బందైతే ఏం చేయాలి బిడ్డా?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న.

ఇద్దరం లెక్క వేశాం. తాగడానికి, వండడానికి మనిషికి రోజుకు 5 లీటర్లు అనుకున్నా, నలుగురికి రెండు రోజులకు 40 లీటర్లు చాలు. ఆ బిందె ఒక్కోటి 15 లీటర్లు పడుతుంది. అంటే మూడు బిందెలు. ఆమె ఇంకొకటి చేర్చి నాలుగు ఉంచుకుంది. మిగతావి ఆమె చేతులతోనే పంచిపెట్టింది. నేను ఎవరినీ "ఇది పనికొస్తుందా?" అని అడగను. అలా అడిగితే ప్రతిదీ పనికొస్తుంది. "కిందటి దసరా నుంచి దీన్ని ఎన్నిసార్లు తీశారు?" అని అడుగుతాను.

డ్రమ్ముల విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. డెంగీ దోమ గుడ్లు నీటి అంచుకు కాస్త పైన, పాత్ర గోడకు అంటుకుని ఉంటాయి. నీళ్లు పారబోసినా అవి ఎండిపోయిన స్థితిలో నెలల తరబడి బతుకుతాయి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. కాబట్టి వాడే డ్రమ్మును వారానికొకసారి లోపలి గోడలు బ్రష్షుతో రుద్ది కడగాలి, మూత బిగించాలి. వాడని డ్రమ్మును బోర్లించడం కాదు, ఇంట్లోంచి పంపేయాలి.

అపోహ: మంచి డబ్బాలు, బుట్టలు కొంటే ఇల్లు అదే సర్దుకుంటుంది.

వాస్తవం: డబ్బాలు చివర కొనాలి. చాలా ఇళ్లలో నేను వచ్చేసరికే కొత్త డబ్బాలు ఉంటాయి. వాటి నిండా పాత చార్జర్లు, మూతలు పోయిన సీసాలు, సీసాలు పోయిన మూతలు. తగ్గించాక ఏం మిగిలిందో చూస్తే, సగం ఇళ్లకు కొత్తది ఒక్కటీ అవసరం పడదు.

అపోహ: పట్టుచీరను కవరు విప్పకుండా దాస్తే పదికాలాలు ఉంటుంది.

వాస్తవం: గద్వాల, నారాయణపేట, పోచంపల్లి చీరలు పుట్టిన నేల మనది. ఆ చీరలు బీరువాలోనే పాడైపోవడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. మహబూబ్‌నగర్‌లో ఒక తల్లి తన పెళ్లినాటి గద్వాల చీర చూపించడానికి ప్లాస్టిక్ కవరు విప్పింది. పైకి మెరుస్తూనే ఉంది. మడత తీయగానే పట్టు అంచు మడత గీత వెంట సన్నగా చిట్లి ఉంది, జరీ నల్లబడింది. గద్వాల చీరకు అంచు పట్టు, ఒళ్లు నూలు. ఆ నూలు ఒళ్లు మాత్రం చెక్కుచెదరలేదు. ఆమె ఆ గీత మీద వేలు పెట్టి చాలాసేపు మాట్లాడలేదు.

పట్టు ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంటే అక్కడే బలహీనపడుతుంది. ప్లాస్టిక్ కవరు చెమ్మను లోపలే పట్టి ఉంచుతుంది. మెత్తటి పాత నూలు పంచెలో చుట్టండి. మూడు నెలలకోసారి తీసి, నీడలో గాలికి ఆరేసి, మడత మార్చి పెట్టండి. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి. ఇలా చేయడానికి ఓపిక చాలనన్ని చీరలు ఉంటే, కొన్ని కూతుళ్లకూ కోడళ్లకూ ఇప్పుడే కట్టబెట్టండి. వాళ్లు కట్టుకుంటుంటే చూసుకోవచ్చు.

అపోహ: కొత్త బియ్యం పాతవాటిపైన పోస్తే ఏమవుతుంది, అన్నీ బియ్యమే కదా!

వాస్తవం: పురుగు గింజ లోపల గుడ్డు పెడుతుంది, అందుకే బయటికి కనిపించదు. అడుగున ఉండిపోయిన పాత బియ్యం నుంచి కొత్తవాటికి ఎక్కుతుంది. డబ్బా పూర్తిగా ఖాళీ చేసి, తుడిచి, ఎండబెట్టాకే కొత్తవి పోయాలి. సొంత పొలం వడ్లు ఆడించే ఇళ్లలో ఏడాది బియ్యం ఒకేసారి ఆడించకుండా రెండు మూడు విడతలుగా ఆడించుకోవడం మేలు.

ఒక్క మాట మాత్రం వేడుకుంటున్నాను. ధాన్యం గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు ఇంట్లో బియ్యం సంచుల దగ్గర పెట్టవద్దు. గాలిలోని తేమ తగిలితే చాలు, అవి విషవాయువును వదులుతాయి. దానికి విరుగుడు మందు లేదు. పక్క గదిలో పడుకున్నవాళ్లకూ ప్రాణాపాయమే. మీ ఇంట్లో ఆ మాత్రల డబ్బా ఉంటే ఇల్లు సర్దడం అక్కడి నుంచే మొదలుపెట్టండి.

అపోహ: కాగితం ఏదైనా పారేయకూడదు.

వాస్తవం: భూమి దస్తావేజులు, పట్టాదారు పాసుపుస్తకం, చదువు సర్టిఫికెట్లు ఒక్క సంచిలో, నేలకూ గోడకూ తగలకుండా పైన. చెద ముందు పట్టేది గోడను ఆనుకున్నదాన్నే. ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు వంటివి ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లోకి నేరుగా తెప్పించుకుని ఉంచుకోండి, అలా జారీ అయినవి చట్టప్రకారం అసలు పత్రాలతో సమానం. మిగిలిన కట్టల్లో చాలావరకు పెళ్లి పత్రికలు, పనిచేయని మిక్సీ వారంటీ కార్డులే.

అపోహ: పండగకు ఒకసారి దులిపితే చాలు.

వాస్తవం: పండగకు బూజు పోతుంది, సామాను సజ్జ మీదికి పోతుంది. రోజుకు ఒక్క అర చాలు. భోగి మంటలో ప్లాస్టిక్, పాత చెప్పులు వేయకండి, ఆ పొగ పిల్లలే పీలుస్తారు.

అపోహ: ఏది ఎక్కడుందో ఇల్లాలికి తెలిస్తే సరిపోతుంది.

వాస్తవం: "అమ్మా, కత్తెర ఎక్కడ?" అన్న పిలుపు ఒక్కో ఇంట్లో రోజుకు ఎన్నిసార్లు వస్తుందో నేను విన్నాను. వంట మీదున్న ఆమె చేయి తుడుచుకుని రావలసిందే. ఆమెకు జ్వరం వస్తే ఇల్లు ఆగిపోతుంది. అందుకే ప్రతి ఇంట్లో చివరి రోజు నేను ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, కత్తెర, టార్చి, జ్వరం మాత్రలు, గ్యాసు పుస్తకం తెమ్మని భర్తనూ పిల్లలనూ పంపుతాను. ఆమె నోరు విప్పకూడదు. దొరకనిది ఏదైనా ఉంటే దాని చోటు తప్పని అర్థం. వాళ్లు మొదట ఎక్కడ వెతికారో ఆ చోటే దానికి ఖాయం చేస్తాను. కిందటి వారం ఒక ఇంట్లో ఎనిమిదేళ్ల పిల్లవాడు కత్తెర కోసం నేరుగా కిటికీ పక్క మేకు దగ్గరికి పరుగెత్తాడు. అక్కడ ఏమీ లేదు. ఇప్పుడు కత్తెర అక్కడే వేలాడుతోంది.